అయిదో గడి

సాయంత్రం అయిదున్నరకి మొదలుపెడతాం.
మూతపడిన చెప్పుల దుకాణంలో
పన్నెండు బల్లలు, పన్నెండు హెడ్‌సెట్లు,
గోడ మీద ఇంకా చెరగని పాదాల సైజుల పట్టిక.
ఒహాయో నదికి దిగువన మూడు కౌంటీలు మా వంతు.

"రాష్ట్ర వైద్య బీమా చట్టం మీద మీ అభిప్రాయం?"
గొంతులో ఏ రంగూ లేకుండా అడగాలి.
గట్టిగా సమర్థిస్తారా, కొంచెమా,
కొంచెం వ్యతిరేకిస్తారా, గట్టిగానా?
అయిదో గడి: తెలియదు, లేదా చెప్పను.
నవ్వకూడదు. అయ్యో అనకూడదు.
మనిషికి ఏడు నిమిషాలు.
గంటల్లెక్క జీతం. ఈ ఉద్యోగానికి బీమా లేదు.

ప్రజాభిప్రాయం అంటే నదిలాంటిదనుకునేదాన్ని,
మేం దాని ఒడ్డున లోతు కొలిచే వాళ్లమని.
కాదు.
అది సింకు కింద, గొట్టం కారేచోట పెట్టిన గిన్నె.
ఎంత నిండిందో ఆ ఇంటివాళ్లకే తెలుసు.
చుట్టాలొస్తే తలుపు మూసేస్తారు.

చట్టం పేరెత్తగానే ఫోన్లోంచి ఉమ్మినంత పని చేస్తారు.
అదే చట్టాన్ని ముక్కలు కోసి అడిగితే,
పాత జబ్బుందని బీమా ఇవ్వకపోవచ్చా?
"అదేం న్యాయం?"
పాతికేళ్ల పిల్లాణ్ణి తల్లి బీమాలో ఉంచొచ్చా?
"ఉంచక చంపుతారా?"
మందుల ధరకి హద్దు పెట్టొచ్చా?
"ఎప్పుడో పెట్టాల్సింది."
మరి చట్టం?
"తగలెయ్యండి."
తొనలన్నీ తీపేనట, పండే చేదట.
సూపర్‌వైజర్ డెల్‌బర్ట్‌కి చెబితే
"నీ పని గడి నింపడం, కోరలీ" అన్నాడు.

అక్టోబరు చివర్లో ఒకాయన.
తెర మీద పేరుండదు. మగ, యాభై ఎనిమిది, అంతే.
రెండుసార్లు దగ్గి, చివర్న సన్నగా ఓ ఈల,
కెటిల్ మరిగే ముందు వేసేలాంటిది.
గట్టిగా వ్యతిరేకిస్తాడు.
గవర్నమెంటు తన ఒంట్లో వేలు పెట్టకూడదట.
నాలుగో గడి నింపాను.
ఫోన్ పెట్టేయలేదు.
"చక్కెర జబ్బు గురించి ప్రశ్నేమీ లేదా?"
లేదన్నాను.
"మా టాన్సీకీ నాకూ ఒకటే ఇన్సులిన్.
కుక్క చీటీ మీదైతే సగానికి సగం చవక."
టాన్సీ బావుందా, అని అడిగేశాను. అడగకూడదు.
"పోయి ఏడాదైంది.
చీటీ ఇంకా నడుస్తోంది. పశువుల డాక్టరు మంచోడు.
ఇది మాత్రం రాయకమ్మా."
రాయలేదు.
రాద్దామన్నా గడి ఏదీ?

మంగళవారం, ఫైర్ స్టేషన్లో ఓటు.
ఎర్ర బండిని బయటికి తోలి
దాని చోట్లో అట్టపెట్టెల బూత్‌లు నిలబెట్టారు.
నేల మీద ఇంకా నూనె మరకలు.
నా ముందు నలుగురి అవతల ఒక దగ్గు.
రెండు, ఆ తర్వాత ఈల.
బొగ్గు లారీల కంపెనీ టోపీ,
వేళ్ల మధ్య తాళాల గుత్తి,
అందులో ఎముక ఆకారపు చిన్న ఇత్తడి బిళ్ల.
దాని మీద పేరు చదవక్కర్లేకపోయింది.

చట్టం ఉంచాలా, రద్దు చేయాలా?
ఇక్కడ రెండే గడులు.
ఆయన లోపల చాలాసేపున్నాడు.
అంత చిన్న ప్రశ్నకి అంతసేపా అని
వెనక ఎవరో గొణిగారు.
బయటికొచ్చి, నాకోసం తలుపు పట్టుకుని
"మెల్లగా, గడప జారుతోంది" అన్నాడు.
తలూపాను గానీ థాంక్స్ చెప్పలేదు.
నా గొంతు గుర్తుపడతాడని.

పెన్సిల్ నా చేతికొచ్చేసరికి
ఇంకా వెచ్చగా ఉంది.

బుధవారం పేపర్లన్నీ జనం నాడి దొరికిందన్నాయి,
దశాంశాలతో సహా.
ఎవరు పట్టి చూశారో మరి.
నాడి చూసే డాక్టరు మా కౌంటీ వదిలి మూడేళ్లు.
పశువుల డాక్టరు మాత్రం ఉన్నాడు.
టాన్సీ పేరు మీద
ఇంకో నెలకి సంతకం పెడుతూ ఉంటాడు.